ఏడో నంబరు మిషను

మాబున్ని టీవీలో ఉంది.
నా పక్కన ఏడో నంబరు మిషను మీద కూడా ఉంది.
రాయదుర్గంలో శనివారం రాత్రి తొమ్మిదింటికి
ఈ రెండూ నిజమే.

షూటింగు ఎండాకాలంలోనే అయిపోయిందంట.
గెలిచిందో ఓడిందో నోరు జారితే
ఐదు లక్షలు కట్టాలని
కాయితం మీద సంతకం పెట్టిచ్చుకున్నారంట.
అందుకే ఆయమ్మి
మూడు నెలలుగా మా నడుమనే కూర్చోని
జీన్సుకు జేబులు కుడతా
ఏమీ తెలీనట్టు
తన్ను తాను చూసుకుంటాంది.

మా ఓనరు తిప్పేస్వామి గోడకు టీవీ తగిలిచ్చి
"చూస్తే చూడండి, మిషన్లు మాత్రం ఆపగాకండి" అన్నాడు.
ముప్పై రెండు మిషన్ల రొదలో
జడ్జీల మాటలు సగమే ఇనపడతాయి.
మిగతా సగం ఆయమ్మి మొగంలో ఎతుక్కుంటాం.

ఒకాయప్ప ఇటలీ అంటాడు.
ఒకామె నెమలి అంటుంది.
ఒక పిల్లోడు వాళ్ళవ్వ చీర మడతలు చెప్పి ఏడ్చినాడు,
ఆ ఏడుపుకు ఎనిమిది మార్కులు.
"నీ కథేంటి మాబున్నీ?"
"జేబుకు రూపాయి డెబ్బై పైసలు సార్."
వాళ్ళు నవ్వినారు.
"మీ నాన్నగారు?"
"బాగుండాడు సార్. బళ్ళారికి గుడ్డ లోడుకు పోయుంటాడు."
"మరి కష్టాలు?"
"కరెంటు సార్."
మేమంతా మిషన్లు ఆపి చప్పట్లు కొట్టినాం.
తిప్పేస్వామి కూడా.

ఈ వారం పోటీ ఏందంటే
చిరుగుల జీన్సు ఒక మూట, ఎనిమిది గంటల టైము,
రాణి ఏసుకునే గౌను కావాల.
మూట ఇప్పంగానే మేం గుర్తుపట్టినాం.
అవి చిరిగిన చిరుగులు కాదు.
ఇసుక కాయితంతో రుద్ది రుద్ది
కొత్తగుడ్డకు ముసలితనం నేర్పిన చిరుగులు.
మా గోవిందక్క చేతికింద పోయిన మోకాళ్ళు అవి.
ఆమెకు ఆ దుమ్ము దగ్గు ఇంకా తగ్గల్యా.
టీవీలో మాబున్ని ఒక మోకాలిని తీసుకోని
బొటనేలితో తడిమింది.
కెమెరా నెమలి దిక్కు తిరిగింది.

గౌను కుట్టింది.
దానికి పద్నాలుగు జేబులు.
బస్సు టికెట్టుకు ఒకటి, తాళంచెవికి ఒకటి,
ఫోనుకు, బిడ్డ బిస్కెట్లకు,
గోవిందక్క మాత్రలకు,
మొగునికి కనపడకుండా దాచుకునే నూర్రూపాయలకు
లోపల, ఎడమ పక్కన, కుట్టు కుట్టులో కలిసిపోయి ఒకటి.
ఇన్నెందుకమ్మా, ఈ చివరిది దేనికి అన్నారు.
"చేతులకు సార్.
ఊరికే పెట్టుకోను.
మా చేతులు ఊరికే ఉండేదానికి యాడా చోటుండదు."

జడ్జి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"ఫినిషింగు అద్భుతం.
కానీ రాణులకు జేబులెందుకు తల్లీ?"
అంతలో ప్రకటనలు.
సబ్బు. బంగారం మీద లోను. మళ్ళా సబ్బు.

నేను టీవీని ఇడిసి పక్కకు చూసినా.
ఆయమ్మి కాలు పెడలు మీద, చూపు గుడ్డ మీద,
సూది పోతానే ఉంది
జేబు మూతి దాటి,
అంచు దాటి,
మొత్తం మూసుకుపోయేదాకా.
తొమ్మిదేండ్లలో ఆయమ్మి చెడగొట్టిన మొదటి పీసు అది.

ఐదు లక్షల కాయితానికి
ఆ సంగతి తెలీదు.
సూపర్వైజరు లెక్కకు రాకముందే
ఆ పీసు నా ఒళ్ళోకి లాక్కోని
బల్లకింద, చీకట్లో, బ్లేడుతో
ఒక్కొక్క కుట్టే ఇప్పుకుంటా పోయినా.
ప్రకటనలు అయిపోయినాయి.
మాబున్నీ మాబున్నీ అని అందరూ అరిచినారు.
అందరికంటే గట్టిగా నేనే అరిచినా.

షిఫ్టు దిగి టీ తాగేటప్పుడు అడిగినా,
ఆ గౌను ఏమాయె?
"వాళ్ళకే. కాయితంలో అదీ ఉండాది."
గ్లాసు ఊదుకుంటా కాసేపు మాట్లాడల్యా.
"లోపలి జేబు పట్టు చూద్దామని
నా నూర్రూపాయలు పెట్టి మర్సిపోయొచ్చినాక్కా.
ఇంతవరకు ఎవురూ ఫోన్ చెయ్యల్యా.
జేబు బాగా కుదిరినట్టే."